ఆకు లేని పూత

చెట్టుకు నీళ్ళు పెట్టడం ఎవరికైనా వస్తుంది. పెట్టకుండా కూర్చోవడమే కష్టం. ఈ ముక్క మా కోడలి తలకెక్కించడానికి నాకు మొన్నటి మాఘమాసమంతా సరిపోయింది.

రాయచూరు జిల్లా గబ్బూరు ఊరి బయట మాకొక మోసంబి తోట ఉంది. కోస్తావాళ్ళు బత్తాయి అంటారు, అదే. మా అత్త యంకవ్వ పెట్టించిన తోట. ఎండిన చెట్టు చోట కొత్తది నాటుతూ ఇన్నాళ్ళు నేను నడిపించాను. మోసంబిని దాని మానాన వదిలేస్తే ఏడాది పొడుగునా ఇక్కడో పువ్వు అక్కడో పువ్వు పూసి ఊరుకుంటుంది. తోటంతా ఒక్కసారి విరగబూయాలంటే ముందు దాన్ని దాహానికి పెట్టాలి. చలి వెనకబడుతుండగా నీళ్ళు ఆపెయ్యాలి. ఆకు వాడాలి, ముడుచుకోవాలి, కొంత రాలాలి. ఇక బతకనేమో అన్న భయం చెట్టుకు పుట్టాలి. అప్పుడు ఎరువు వేసి పాదుల నిండా నీళ్ళు ఇస్తే పూత మీద పూత వస్తుంది. దీన్ని మావైపు బహార్‌కు పెట్టడం అంటారు. తొందరపడితే పూత బదులు ఆకు వస్తుంది, ఆలస్యమైతే కొమ్మ ఎండిపోతుంది. ఎప్పుడు నీళ్ళు ఇవ్వాలో ఏ పంచాంగంలోనూ ఉండదు. పగలు ముడుచుకున్న ఆకు తెల్లవారేసరికి విప్పుకుందంటే చెట్టుకు ఇంకా ఓపిక ఉన్నట్టు. పొద్దున కూడా ముడుచుకునే ఉందంటే ఇక చాలన్నట్టు.

వరసగా రెండేళ్ళు అదను కాని వానలు పడి మా బహార్ చెడిపోయింది. మా ఆయన విరూపాక్ష రాయచూరు గంజ్‌లో ధాన్యం దుకాణం నడుపుతాడు. ఆయనకు తోట మీద ఎప్పుడూ అంత ప్రేమ లేదు. ఈసారి అన్నం తింటూ తేల్చి చెప్పేశాడు.

"ఈ ఏడు గూడ బహార్ రాకుంటే ఉగాది దాటినంక జేసీబీ పెట్టి చెట్లన్ని తీపిస్త. పత్తి పెట్టుకుంటమని అడిగేటోళ్ళు ఉన్నరు."

"వస్తది," అన్నాను.

"రాకుంటే?"

"వస్తదంటున్న గదా. అన్నం తిను జర."

నోటితో అన్నానే గాని ఆ రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. తోటలో ఉన్న రెండు గదుల ఇంటికి సామాను సర్దుకుని వచ్చేశాను. నా వెంట లహరి వచ్చింది. మా అబ్బాయి సూగురేశ్ పెళ్ళాం, మార్గశిరంలో పెళ్ళయింది. వాడిది పవర్ ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేను, మీతో వస్తానని తనే బయల్దేరింది. సింధనూరు అవతల కాలువ కింద క్యాంపులో పుట్టి పెరిగిన పిల్ల. అక్కడివాళ్ళంతా ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి వరి వేసుకుని స్థిరపడ్డవాళ్ళు. చుట్టూ కన్నడం ఉన్నా వాళ్ళ తెలుగు మాత్రం గోదావరి నీళ్ళలో నుంచి ఇప్పుడే తీసినట్టు ఉంటుంది.

వచ్చిన నాలుగోనాడే మొదలుపెట్టింది.

"అత్తయ్యగారూ, ఆకులన్నీ వడిలిపోతున్నాయండి. మోటారు వెయ్యనా?"

"వద్దు. బహార్‌కు పెట్టినం."

"బాహర్ అంటే హిందీలో బయట కదండీ? చెట్లు బయటే కదా ఉన్నాయి, మళ్ళీ బయట పెట్టడం ఏంటండీ?"

నేను నవ్వాపుకోలేక గట్టు మీద కూర్చుండిపోయాను. తర్వాత అన్నీ వివరంగానే చెప్పాను. తల ఊపింది. ఊపిన తల ఊపినట్టే ఉంది గాని, ఆ మధ్యాహ్నం గిన్నెలు కడిగిన నీళ్ళు చీర చాటున పట్టుకెళ్ళి ఇంటి పక్క చెట్టు మొదట్లో పోస్తుంటే దొరికింది.

"ఏంది పిల్లా ఇది?"

"ఒక్క చెంబేనండీ. దాని మొహం చూడలేకపోయాను."

"చెట్టుకు మొహమేందే?"

"మా తాతయ్య శివరామకృష్ణయ్యగారు, చేను బీటలు వారిందంటే ఆ పూట అన్నం ముట్టేవారు కాదండి. మాకు అలాగే అలవాటు."

"మీది కాలువ దేశం. అడిగినా అడగకున్నా నీళ్ళొస్తయ్. మా చెట్లకు ఆకలి తెల్వాల, అప్పుడే పని చేస్తయ్," అన్నాను. మనుషులకూ అంతేనని అనబోయి, కొత్త కోడలని మింగేశాను.

ఆ తర్వాత మళ్ళీ చెంబు పట్టలేదు. పొద్దున్నే నాకంటే ముందు లేచి ఆకులు చూసి వచ్చేది. "ఇవాళ విప్పుకున్నాయండి," అని చెప్పేటప్పుడు ఆ గొంతులో సంతోషం వినాల్సిందే. విప్పుకోకపోతేనే మనకు మంచిదని ఎన్నిసార్లు చెప్పినా ఆ సంతోషం ఆగేది కాదు. చుట్టూ వేపచెట్లు పాత ఆకు దులుపుకుని ఎర్ర చిగురు తొడుగుతున్నాయి, కోయిల పొద్దస్తమానం కూస్తోంది. ఊరంతా వసంతం వస్తుంటే మా తోట ఒక్కటే నాలుక పిడచగట్టుకుని నిలబడింది. నాకు రాత్రుళ్ళు నిద్ర లేదు, పగలు ఆకలి లేదు.

ఆకు సరిగ్గా అదనుకు వస్తోందనుకునే వేళకు రాయచూరు నుంచి కబురు వచ్చింది. మా ఆయనకు జ్వరం తగ్గడం లేదు, దవాఖానలో చేర్చారు. పక్క చేను మహదేవప్ప తన బండి మీద నన్ను బస్సుకు దింపడానికి వచ్చాడు. మోటారు గది తాళంచెవి లహరి చేతిలో పెట్టాను.

"దినాం పొద్దుగాల ఆకు చూసి నాకు ఫోన్ చెయ్యి. నేను చెప్పేదాక మోటార్ ముట్టద్దు. నాకు ఒట్టు పెట్టు."

"ఒట్టండి," అని తాళంచెవిని మెళ్ళో తాడుకు కట్టుకుంది.

తోటలో ఫోను అందదు. నీళ్ళ ట్యాంకు ఎక్కి నిలబడితే ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది. దవాఖాన వరండాలో నేను ఒక చెవి మూసుకుని అరుస్తుంటే, అక్కడ ట్యాంకు మీద నుంచి ఆ పిల్ల అరిచేది. ఒకనాటి పొద్దున నేను ఎదురుచూస్తున్న మాట చెప్పింది.

"అత్తయ్యగారూ, ఆకు ముడుచుకునే ఉందండి. నిన్న పొద్దున కూడా విప్పుకోలేదు."

నా గుండెలో బరువు దిగింది. "అట్లనా! ఇంక నీళ్ళు ఇడిసిపెట్టు."

"విడిచిపెట్టెయ్యమంటారా? పూర్తిగానా అండీ?"

"ఆఁ, పూర్తిగ. సగం సగం పని వద్దు."

ఫోను తెగిపోయింది. నాకు మళ్ళీ కలవలేదు. సూగురేశ్‌కు మాత్రం ఎప్పుడో ఒకసారి దొరికేది, వాడు షిఫ్టు దిగి దవాఖానకు వచ్చినప్పుడల్లా అడిగేదాన్ని.

"తోట ఎట్లుందంట్రా?"

"నువ్వు చెప్పినట్లనే చేస్తున్నదంట. ఫికర్ చేయకు."

నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ మంచం పక్క స్టూలు మీద కూర్చుని, నీళ్ళు ఒక్కొక్క పాదులోకి పారుతున్నట్టు, మట్టి వాసన ముక్కుకు తగులుతున్నట్టు ఊహించుకునేదాన్ని. మా ఆయన మంచానికి అతుక్కుపోయి ఉంటే నా మనసు మోటారు దగ్గర ఉంది. పెళ్ళాన్నన్న మాటే గాని అంతకంటే నిజం ఇంకేం చెప్పను?

ఆయన ఇంటికి వచ్చి గంజి తాగి కూర్చోగలిగిన మర్నాడే నేను తోటకు బయల్దేరాను. బస్సు దిగి దూరం నుంచి చూస్తే చెట్లు చీపుళ్ళలా ఉన్నాయి. ఆకు లేదు. ఉన్నది కూడా కాగితంలా చెట్టును పట్టుకుని వేలాడుతోంది. పాదుల్లో మట్టి నా అరికాళ్ళకు పెంకులా తగిలింది. బావి గట్టు మీద లహరి కూర్చుని ఉంది, మెళ్ళో తాళంచెవి, కళ్ళు లోపలికి పోయి.

"ఏమైందే? కరెంటు లేదా? మోటార్ కాలిందా?"

"లేదండి. మీరు చెప్పినట్టే చుక్క పెట్టలేదండి."

"నేను చెప్పిన్నా? ఇడిసిపెట్టు అని చెప్పలే నీకు?"

"అవునండి. నీళ్ళు పూర్తిగా విడిచిపెట్టెయ్యమన్నారు. నేను రెండోసారి అడిగాను కూడా. విడిచిపెట్టేశాను."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మావైపు నీళ్ళు ఇడిసిపెట్టడమంటే తూము తెరిచి పారించడం. వాళ్ళ క్యాంపులో నీళ్ళు 'పెడతారు', 'వదులుతారు'; విడిచిపెట్టడమంటే మానెయ్యడం, ఆశ వదులుకోవడం. గిన్నెలు కడిగిన నీళ్ళు దొంగతనంగా పోసిన పిల్ల, మెళ్ళో తాళంచెవి వేసుకుని, నా మాట మీద, చెట్లు కళ్ళెదుట ఎండుతుంటే చూస్తూ కూర్చుంది.

"ఇడిసిపెట్టు అంటే ఇడిసిపెట్టు! తెలుగు రాదా నీకు? ఇన్ని దినాల సంది ఎండుతుంటే బుద్ధి ఎటు పోయింది?" అని గొంతు చించుకుని అరిచాను.

"నీళ్ళు పోద్దామనే చెయ్యి లేచిందండి, రోజూ. ఒట్టు పెట్టాను కదండీ," అంది. అప్పుడు ఏడ్చింది. అన్నాళ్ళు ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. నాకు కోపం మాత్రం తగ్గలేదు. తాళంచెవి ఆమె మెళ్ళోనే ఉండగా పట్టుకుని ఆమెను మోటారు గది దాకా లాక్కుపోయి, తాళం తీసి, స్టార్టర్ నొక్కాను. నీళ్ళు పాదుల్లో పడగానే నేల అద్దుడు కాగితంలా పీల్చేసింది. ఆ రోజంతా మేమిద్దరం పార పట్టుకుని కాలువలు మళ్ళించాం.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. కొమ్మ కొమ్మకూ పోయి కళ్ళు చికిలించి చూడటం, ఏమీ లేకపోతే వెనక్కి రావడం, కూర్చుంటే కూర్చోలేక మళ్ళీ పోవడం. లహరి కూడా అంతే. ఒకరికొకరం ఎదురుపడితే తలలు అడ్డంగా ఊపుకునేవాళ్ళం. ఫాల్గుణం సగం గడిచాక ఒకనాటి పొద్దున ఆమె నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. కొమ్మ చివర తెల్లటి మొగ్గలు. పక్క చెట్టుకూ ఉన్నాయి, ఆ పక్కదానికీ ఉన్నాయి.

వారం తిరిగేసరికి తోట తెల్లబడిపోయింది. నా ఎరుకలో అంత పూత చూడలేదు. ఆకు అడ్డం లేదేమో, బోసి కొమ్మల నిండా పువ్వే పువ్వు. వాసన రోడ్డు దాకా పోయింది. బండ్లు ఆపి కుర్రాళ్ళు ఫోటోలు దిగారు. తేనెటీగల రొద ఇంట్లోకి వినిపించేది. లహరి ముఖం వెలిగిపోయింది.

"బహార్ వచ్చేసిందండి అత్తయ్యగారూ! ఇంక చెట్లు పీకించరు కదా?"

నేను ఊఁ కొడుతూనే కొమ్మ వంచి ఆకు కోసం వెతికాను. పువ్వును పోషించేది ఆకు. ఆకు లేని చెట్టు అంత పూత పూసిందంటే మిగిలిన సత్తువంతా ఊడ్చి బయట పెట్టేసిందన్నమాట. ఒక కరువు ఏడు మా అత్త నాకు ఇలాంటి చెట్టునే చూపించి, ఇది చచ్చేముందు పూసే పూత అని చెప్పింది. ఆ పూత పిందె కట్టేదాకా ఉంచితే చెట్టు పోతుంది. బతకాలంటే పూతంతా దూసి పారెయ్యాలి. దూసేస్తే ఈ ఏడు కాపు లేదు. కాపు లేకపోతే జేసీబీ వస్తుంది. నోరు మూసుకుంటే తోట మిగిలి చెట్లు చస్తాయి, నోరు తెరిస్తే చెట్లు బతుకుతాయేమో గాని తోట పోతుంది. లహరికి చెప్పాను. ఆమె ముఖంలో వెలుగు ఆరిపోవడం చూడలేక అటు తిరిగాను.

ఏం చెయ్యాలో తేలకముందే మా ఆయన దిగాడు. జ్వరం తర్వాత మొదటిసారి బయటికి రావడం, చొక్కా వదులైంది. వెంట పృథ్వి అని దేవదుర్గం పండ్ల వ్యాపారి. ఇద్దరూ గేటు దగ్గరే నిలబడిపోయారు.

"ఏమే, ఇంత పూతనా!" అన్నాడు మా ఆయన. నా పెళ్ళయినప్పటి నుంచి తోటలో ఆయన ముఖం అలా విచ్చుకోవడం నేను చూడలేదు. "జేసీబీ వానికి వద్దని చెప్పేస్త. మా అమ్మ ఉంటే చూసి ఎంత సంబరపడేదో."

పృథ్వి కొమ్మలు చూస్తూ రెండు వరసలు తిరిగి వచ్చాడు. "అక్కా, ఎక్కడా చూడ్లేదు ఇట్లాంటిది. పూత మీదనే మాట్లాడుకుందం. ఈ ఏడు తోట కాపంత నాకిచ్చెయ్యండి."

ఒక్క నిమిషం ఊరుకుంటే అయిపోయేది. లహరి నా వైపు చూస్తోంది.

"ఇది నిలిచే పూత కాదు పృథ్వీ," అన్నాను. "ఆకు చూడు, ఉన్నదా? రాలిపోతది. నువ్వు తీసుకుంటే మునుగుతవ్."

అతను మా ఆయన ముఖం చూశాడు, మళ్ళీ కొమ్మ చూశాడు. చల్లగా ఇంకోసారి వస్తానని బండెక్కాడు. మా ఆయన బండి పోయినవైపే చూశాడు. గంజ్‌లో గుప్పెడు పుచ్చు కందులు కనిపిస్తే బస్తా మొత్తం వాపసు పంపే మనిషి. నేను చెప్పింది తప్పని అనలేడు, ఒప్పని ఒప్పుకోలేడు.

"నాకు ముందుగాల చెప్తే ఏమైతుండె?" అన్నాడు చివరికి.

"చెప్తే వాన్ని తీస్కరాకపోతుంటివా?"

"ఏమో." చెప్పులు వేసుకున్నాడు. "మాట మాటే. ఉగాది దాటినంక మిషిన్ వస్తది."

మర్నాటి నుంచి మేమిద్దరం పూత దూయడం మొదలుపెట్టాం. కొమ్మ మొదట్లో పట్టుకుని చివరిదాకా చెయ్యి లాగితే పువ్వులన్నీ గుప్పిట్లోకి వస్తాయి, వాటితో పాటు ముళ్ళూ దిగుతాయి. కొంగులు నిండితే గట్టు మీద పోసేవాళ్ళం. చేతులు కడుక్కున్నా ఆ వాసన పోక అన్నం కూడా పువ్వు వాసనే వేసేది. మహదేవప్ప కంచె అవతల నిలబడి నోరు తెరిచాడు.

"హూవు యారాదరూ ఉదురిస్తారేన్రీ అమ్మా? హుచ్చు హిడిదదేను?" పువ్వు ఎవరైనా రాలుస్తారా, పిచ్చి పట్టిందా అని.

"పట్టింది, నీకెందుకు?" అన్నాను.

లహరికి అదే అడగాలని ఉన్నట్టుంది. గుట్టగా పోసిన పువ్వుల పక్కన కూర్చుని, ముళ్ళు గుచ్చుకున్న వేళ్ళు ఊదుకుంటూ అంది. "ఎలాగూ పీకించేస్తారు కదండీ. ఇదంతా దేనికండీ?"

"పీకేది పీకుతరు. పీకేదాక నా చెట్టు. ఈ పూతతో చావనియ్య," అన్నాను. ఆమె లేచి మళ్ళీ కొమ్మ పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. తెలుగు రాదని మాత్రం ఇప్పటికీ దెప్పుతాను.

ఉగాది నాడు రాయచూరు పోలేదు. వేపపువ్వు దూసుకొచ్చి ఇక్కడే బెల్లంలో కలుపుకుని తాగాం. ఆ వారంలోనే చెట్లకు గోరంత ఆకులు కనిపించాయి. లేత పచ్చ, వేలితో ముట్టుకోవడానికి భయం వేసే పచ్చ. అన్నిటికీ రాలేదు. కొన్నిటికి కొమ్మలు చిటుక్కున విరుగుతున్నాయి.

జేసీబీ వచ్చిన పొద్దున మా ఆయన కూడా వచ్చాడు. డ్రైవర్ను చాయ్ తాగమని చెప్పి గేటు దగ్గర నిలబడ్డాడు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. నేను మాట్లాడదలుచుకోలేదు. బహార్ వస్తదని మాట ఇచ్చింది నేనే, ఇంక బతిమాలను. లహరి మాత్రం పాత ఎర్ర చీర ఒకటి పీలికలుగా చింపి భుజాన వేసుకుని ఆయన ముందుకు పోయింది. పెళ్ళయ్యాక మామగారితో పట్టుమని పది మాటలు మాట్లాడి ఎరగదు.

"మామయ్యగారూ, బెరడు గోటితో గీరితే చెట్టు బతికుందో లేదో తెలిసిపోతుందండి. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టేనండి. ఎండినవి తీయించెయ్యండి. బతికున్నవాటికి నేను గుడ్డ కడతాను, వాటిని ఈ ఒక్క ఏడు ఉండనివ్వండి. వాటి తప్పేం లేదండి."

ఆయన ఆ పిల్లను చూశాడు, ముళ్ళు గీరిన ఆమె మోచేతులు చూశాడు. "చూద్దాం పా," అన్నాడు.

ఇద్దరూ వరస వెంట నడిచారు. ఆమె గీరడం, ఆయన వంగి చూడటం, ఆమె పీలిక కట్టడం. నేను వెనకాల నడిచాను. పచ్చగా ఉన్న ప్రతిచోటా నా ఊపిరి ఒకసారి ఆగి మళ్ళీ ఆడింది. ఎండిన చెట్టు వచ్చినప్పుడు ఆమె పక్కకు తప్పుకునేది. ఆయన ముందుకు కదిలేవాడు. అలాంటివి నేను భయపడినన్ని లేవు.

చివరి వరసలో, బావికి పక్కనే, తోటలో అన్నిటికంటే పాత చెట్టు. మా అత్త యంకవ్వ తన చేత్తో మొదట నాటింది అదే. అది పోయిందని నాకు తెలుసు. రోజూ పోయి గీరి చూసుకుంటున్నాను. లహరి ముందు చేరి బెరడు గీరింది. గీరినచోట బొటనవేలు పెట్టి మూసింది.

"పచ్చగా ఉందండి," అంది. వేలు తియ్యలేదు.

నేను నేల చూపులు చూశాను. మా ఆయన జేబులో నుంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి మెల్లగా పక్కకు తీసి, తన గోటితో తానే ఇంకొంచెం లోతుగా గీరాడు. గోధుమరంగు పొడి రాలింది. ఆయన ఆ పొడి వంక చూశాడు. తర్వాత గోరు పంచెకు తుడుచుకున్నాడు.

"పచ్చగనే ఉన్నది," అన్నాడు. "గుడ్డ కట్టు."